ఆమెన్‌కి ముందు పదకొండు నిమిషాలు

మా ఇంట్లో టీవీ రిమోటుకి వెనక మూత పోయి నాలుగేళ్ళయింది. బ్యాటరీలు జారిపోకుండా కర్రీ పాయింటు సాంబారు ప్యాకెట్‌కొచ్చిన రబ్బరు బ్యాండు వేశాం. సౌండు పెరగాలంటే దాన్ని తొడకేసి రెండు దెబ్బలు కొట్టాలి, ఛానల్ మారాలంటే మూడు. పాజ్ బటన్ మాత్రం ఎన్ని దెబ్బలకీ లొంగదు. ఒక టీచరు, ఒక పెన్షనుదారు, ఒక వీడియో మిక్సింగ్ యూనిట్ ప్రొప్రయిటరు ఉన్న ఇల్లు ఇది. కొత్త రిమోటు తేవలసింది ఎవరన్న సంగతి మాత్రం ఇంతవరకూ తేలలేదు.

మూడు రోజులుగా ఆ పాజ్ బటన్ చచ్చిపోయి ఉండబట్టే నేనింకా ఈ ఇంట్లో అన్నం తింటున్నాను.

“ఏవండీ, అక్కడ ఆపండి!” అంది స్టెల్లా.

తొడకేసి కొట్టాను. ఆగలేదు. దేవునికి స్తోత్రం.

“అయ్యో, వెళ్ళిపోయింది. వెనక్కి తిప్పండి.”

“తిప్పితే మొదటికి పోతుంది. చర్చిలో ఉంగరాల దగ్గర్నుంచి మళ్ళీ చూడాలి.”

“చూద్దాం. మీకంత కొంప మునిగే పనేముంది?”

మా ఆవిడ హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. పెళ్ళి వీడియోని కూడా ఆన్సరు పేపరు దిద్దినట్టే చూస్తుంది. ఒళ్ళో నోట్‌బుక్కు, చేతిలో ఎర్రపెన్ను. ఎన్నో నిమిషంలో ఎవరు ఎక్కడున్నారో రాసుకుంటోంది. ఆరువందల మంది చుట్టాల్లో ఇప్పటికి రెండువందల పదకొండు మందిని గుర్తుపట్టింది. ఆమెకి కావలసినవాడు ఒక్కడే. వాడు లేడు.

వాడంటే యేసుదాసు, ఆమె తమ్ముడు. కొల్లేటి గట్టు మీద చేపల చెరువు చూసుకుంటూ అక్కడే షెడ్డులో ఉంటాడు. ఇరవై ఒక్క రోజుల కిందట, వాళ్ళ అన్నయ్య ఏసుకుమార్‌గారి అమ్మాయి దీవెన పెళ్ళయింది, తాడేపల్లిగూడెంలో. అన్నదమ్ములకి మాటల్లేవు. చెరువు లీజు కాగితాల మీద చిన్నోడు సంతకం పెట్టనన్నాడు, పెద్దాయన తమ్ముడికి శుభలేఖ ఇవ్వలేదు. “పిలవకపోతే ఏంటి, నా కూతురి పెళ్ళికి నాకు పిలుపేంటి?” అని ఆ సాయంత్రం బండెక్కి బయల్దేరాడట. అంతే. మళ్ళీ ఎవరికీ కనపడలేదు.

మొదటి పద్దెనిమిది రోజులూ అలిగాడనుకున్నాం. మా అత్తవారింట్లో అలకకి సగటు గడువు మూడు వారాలు.

“చిన్నోడు పెళ్ళికే రాలేదమ్మా,” అని ఏసుకుమార్ బావగారు ఫోన్లో తల్లికి చెప్పారు. “కావలిస్తే వీడియో చూసుకోండి. స్టేషన్లో కంప్లయింటు ఇచ్చినప్పుడు ఆ వీడియో కూడా ఇచ్చేశాను.”

రిసెప్షన్‌కి మేం ముగ్గురం లేం. మధ్యాహ్నం చర్చిలో పెళ్ళవగానే మా అత్తయ్యగారికి ఆపరేషనైన కన్ను సలుపుతోందంటే కారెక్కించి ఏలూరు తీసుకొచ్చేశాం. అందుకని మాకైనా, పోలీసులకైనా ఆ సాయంత్రానికి సాక్షి ఆ వీడియో ఒక్కటే.

దాన్ని మిక్సింగ్ చేసింది నేను.

అత్తయ్యగారి పేరు సలోమి. రిటైరైన నర్సమ్మ. ఉపవాస ప్రార్థన మొదలుపెట్టి ఆ రోజుకి మూడో రోజు. సోఫా అంచున నల్లకళ్ళద్దాలతో కూర్చుని, టీవీలో బిరియానీ వడ్డిస్తుంటే మొహం పక్కకి తిప్పుకుంటున్నారు.

“ఒక్క ముద్దైనా తినండత్తయ్యా,” అన్నాను.

“నా బిడ్డ తిన్నాడో లేదో తెలిసాక తింటానండి అల్లుడుగారూ.”

నేను అప్పటికి రెండు ఇడ్లీలు, దోసకాయ పచ్చడితో మరో రెండు తిని ఉన్నాను. భయమేస్తే కొందరికి ఆకలి చచ్చిపోతుందట. నాకు పెరుగుతుంది.

అప్పుడు స్టెల్లా ఫోను మోగింది. యేసుదాసు చెరువు పక్క చెరువులో పనిచేసే లక్ష్మమ్మ. స్పీకర్లో పెట్టింది.

“అమ్మాయిగారూ, మీరు కంగారు పడకండేం,” అంది లక్ష్మమ్మ. కంగారు పడకండన్న మాట విన్నాక కంగారు పడనివాళ్ళని నేనింతవరకూ చూడలేదు. “డ్రెయిన్లో గుర్రపుడెక్క తీయిస్తున్నారండీ. అందులో మీ తమ్ముడుగారి బండి బయటపడిందండి.”

“మనిషో?”

“మనిషి లేడండి. ఇంకా వెతుకుతున్నారు. తాళం బండికే ఉందమ్మా.”

టీవీలో దీవెన కేకు కోస్తోంది. అందరూ చప్పట్లు కొడుతున్నారు. సౌండు తగ్గిద్దామని రిమోటు కొట్టాను, ఇంకా పెరిగింది.

*

ప్రతివారం ఈ పత్రికలో మా ఇంటి గొడవలు చదివే మీకు ఇప్పుడు ఒక సంగతి చెప్పాలి. ఇది స్టెల్లాకి తెలియదు. మూడు రోజులుగా, భోజనాలయ్యాక చెబుదాం, టీ తాగాక చెబుదాం, కరెంటు వచ్చాక చెబుదాం అనుకుంటూ గడిపేశాను.

యేసుదాసు ఆ పెళ్ళికి వచ్చాడు.

రాత్రి భోజనాలకి ముందు పాస్టరుగారు ఆశీర్వాద ప్రార్థన చేశారు. ఆయన ప్రార్థన మా జిల్లాలో ప్రసిద్ధం. వధూవరులతో మొదలుపెట్టి, ఇరువైపులా తాతముత్తాతలు, వర్షాలు, రొయ్యలకొచ్చే తెగుళ్ళు, ప్రభుత్వాలు అన్నీ అయ్యాకగానీ ఆమెన్ దగ్గరకి రాదు. ఆ రోజు పదకొండు నిమిషాలు. పదకొండు నిమిషాలూ ఆరువందల మంది తలలు వంచి కళ్ళు మూసుకుని నిలబడ్డారు. కళ్ళు తెరిస్తే పక్కవాళ్ళు చూస్తారని భయం. పక్కవాళ్ళూ కళ్ళు మూసుకున్నారన్న సంగతి ఎవరికీ తట్టదు.

మా కెమెరామన్ ముత్యాలరాజుది వేరే మతం, కళ్ళు మూసుకోనక్కరలేదు. అతను కెమెరాని స్టాండు మీద వదిలేసి ముందుగానే బిరియానీ దగ్గరకి వెళ్ళిపోయాడు.

కళ్ళు తెరిచి ఉన్నది కెమెరా ఒక్కటే.

మూడో నిమిషం చివర గేటు దగ్గర యేసుదాసు కనపడ్డాడు. వల గడ కాలిమీద పడ్డప్పటి నుంచీ ఎడమకాలు కాస్త ఈడుస్తాడు. భుజాన పొడుగాటి తువ్వాలు. స్టేజీ మీద ప్రార్థనలో ఉన్న బావగారు కళ్ళు తెరిచారు. దిగారు. వెళ్ళి తమ్ముడి భుజమ్మీద చెయ్యేసి పక్క గేటులోంచి బయటికి తీసుకెళ్ళారు. ఆమెన్‌కి కాస్త ముందు ఒక్కరే తిరిగొచ్చి తన చోట నిలబడి తల వంచారు.

పెళ్ళయిన మూడో రోజు బావగారు నా గదికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల హోల్‌సేలు, చర్చిలో సంఘపెద్ద. ఆయన ఎవర్నీ కసరరు. అదే ఇబ్బంది.

“బావగారూ, చిన్నోడు మాసిన లుంగీతో, చేపల కంపుతో వచ్చాడండి. వియ్యాలవారు ఈ వీడియో చూస్తే మన పరువేం కావాలండీ? నేనే నచ్చజెప్పి పంపేశాననుకోండి, వాడు కనపడేది కాస్త తీసేయండి.”

“సరేనండి.”

“అలాగే, ప్రార్థన మధ్యలో నేను స్టేజీ దిగినట్టుంటే పాస్టరుగారు నొచ్చుకుంటారండి. నన్ను అక్కడే ఉంచెయ్యండి.”

పెద్దమనిషి నెమ్మదిగా అడిగితే కాదనలేని జబ్బు నాది. పైగా అలాంటి పని చెయ్యగలరా అని ఎవరైనా అడగడమే నాకు గొప్ప. ఏలూరు మొత్తంలో నాలాగా మాస్కింగ్ చేసేవాడు లేడని నా అభిప్రాయం. అభిప్రాయం నా ఒక్కడిదే.

మాస్కింగ్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదండీ. మనిషి చుట్టూ గీత గీస్తాం. గీత లోపలున్నది కత్తిరించేస్తే, కింద పరిచిన ఇంకో క్లిప్పు ఆ కన్నంలోంచి కనపడుతుంది. మనిషి రాకముందు తీసిన ఖాళీ గేటు క్లిప్పు కింద పరిస్తే మనిషి మాయం. మనిషి కదిలేకొద్దీ గీత కూడా అడుగడుక్కీ జరపాలి. అలా రెండు రోజులు కూర్చుని యేసుదాసుని చెరిపేశాను. స్టేజీ దిగిన బావగారిని కూడా చెరిపేసి, మొదటి మూడు నిమిషాల్లో కళ్ళు మూసుకుని ఉన్న బావగారిని కత్తిరించి, ఆయన చోట మళ్ళీ మళ్ళీ అతికించాను. అంచులు పొగలా కలిసిపోయాయి. నన్ను నేనే మెచ్చుకున్నాను.

పనయ్యాక, బావగారు పక్కనే ఉండి కెమెరా కార్డులు, నా కంప్యూటర్లో అసలు క్లిప్పులు అన్నీ తుడిపించారు.

“ఎందుకండీ అంత జాగ్రత్త?”

“పరువండీ,” అన్నారు.

మధ్యతరగతి ఇంట్లో ఆ మాట తర్వాత ఇంకో ప్రశ్న వెయ్యరు. నేనూ వెయ్యలేదు.

*

సాయంత్రం నాలుగింటికి బావగారి కారు ఆగింది. బండి సంగతి ఆయనకీ తెలిసిందట. వస్తూ వస్తూ పవర్‌పేటలో ఆగి మాకోసం ఒకటి కొనుక్కొచ్చారు.

కొత్త రిమోటు.

“పాజ్ పనిచెయ్యట్లేదని చెల్లాయి ఫోన్లో ఏడ్చింది కదండీ. తీస్కోమ్మా. ఎక్కడ కావలిస్తే అక్కడ ఆపుకుని చూస్కో.” నా వైపు తిరిగి నవ్వారు. “బావగారి పని చాలా నీటుగా ఉంటుంది. భయం లేదు.”

నేను పాత రిమోటు రబ్బరు బ్యాండుని వేలికి చుట్టుకున్నాను.

స్టెల్లా ప్రార్థన దగ్గరకి తిప్పింది. వెడల్పాటి షాటు. వంచిన తలలు. ఖాళీ గేటు. స్టేజీ మీద కళ్ళు మూసుకున్న బావగారు.

ఆపింది. నడిపింది. మళ్ళీ ఆపింది. నోట్‌బుక్కులో ఏదో గీసింది.

“అన్నయ్యా.”

“ఏంటమ్మా?”

“నువ్వు ముక్కు గోక్కున్నావు.”

“దోమలమ్మా అక్కడ.”

“రెండో నిమిషం పది సెకన్లకి గోక్కున్నావు. ఐదో నిమిషం పది సెకన్లకి గోక్కున్నావు. ఎనిమిదో నిమిషం పది సెకన్లకి మళ్ళీ. అదే చెయ్యి, అదే వేలు. దోమ టైం టేబుల్ ప్రకారం కుట్టిందా?”

బావగారు టీ కప్పు సాసర్లో పెట్టారు, చప్పుడు కాకుండా.

“ప్రార్థనలో ఒళ్ళు తెలీదు కదమ్మా,” అన్నారు. “ఏమంటారు బావగారూ?”

ఇద్దరూ నన్నే చూశారు. ఆవిడ చూపులో ఎర్రపెన్ను. ఆయన చూపులో ఏముందో నేను సరిగా చూడలేదు, చూడదలుచుకోలేదు.

“కంప్యూటరు ఒక్కోసారి అలా... ఇరుక్కుంటుంది,” అన్నాను.

“ఇరుక్కుంటే అందరూ ఇరుక్కోవాలి కదండీ. పక్కన వదిన తల ఊపుతూనే ఉంది.”

“చూసొస్తానుండు,” అని లేచి వెనక గదిలోకి వచ్చేశాను. ఆ గదే నా మిక్సింగ్ యూనిట్. ఒకప్పుడు బియ్యం బస్తాల గది.

“నేనూ వస్తానుండండి బావగారూ,” అన్నారు బావగారు.

“నువ్వు కూర్చో అన్నయ్యా. నీతో పనుంది,” అంది స్టెల్లా.

జీవితంలో మొదటిసారి, మా ఆవిడ ఇంకొకరికి ప్రశ్నలేస్తున్నందుకు సంతోషించలేకపోయాను.

కంప్యూటర్లో ఒక్క ఫైలు మిగిలి ఉందని నాకు ఆ క్షణం దాకా గుర్తులేదు. బావగారికి కార్డుల గురించి తెలుసు, క్లిప్పుల గురించి తెలుసు. మ్యాట్ గురించి తెలియదు. గీసిన గీతలన్నీ నేను విడిగా నలుపుతెలుపు వీడియోగా దాస్తాను, దాన్నే మ్యాట్ అంటాం. ఎక్కడ కన్నం కొయ్యాలో కంప్యూటరుకి చెప్పేది. నల్లటి తెర, దానిమీద తెల్లటి మనిషి ఆకారం. మొహం ఉండదు, చొక్కా ఉండదు, గేటు ఉండదు, పెళ్ళి ఉండదు.

తెరిచాను.

నల్లటి చీకట్లోంచి ఒక తెల్లటి ఆకారం వచ్చింది. ఎడమకాలు ఈడుస్తోంది. అంత శ్రద్ధగా గీశాను. భుజం మీంచి తువ్వాలు కొస వేలాడుతోంది. అటునుంచి ఇంకో ఆకారం వచ్చి కలిసింది. రెండూ ఒకటై, ఎడమవైపుకి జారి, తెర దాటిపోయాయి.

తర్వాత ఏడు నిమిషాలు ఒట్టి నలుపు. ఆ ఏడు నిమిషాలూ పని లేదని అప్పట్లో ఎంత సంబరపడ్డానో.

పదో నిమిషంలో ఒక ఆకారం తిరిగొచ్చింది. నిటారుగా, గబగబా. దాని కుడిచేతి కింద పొడుగ్గా ఏదో వేలాడుతోంది. అది గాలికి ఊగుతుంటే ప్రతి ఊపుకీ గీత మార్చాల్సొచ్చింది. ఆ రోజు దాన్ని తిట్టుకున్నాను కూడా, ఈయన ఈ గుడ్డ ఎందుకు పట్టుకొచ్చాడురా బాబూ, నాకు రెండు గంటలు ఎక్కువ పని అని.

“తువ్వాలు చిన్నోడిది.”

వెనక అత్తయ్యగారు. ఎప్పుడొచ్చారో, తలుపు మీద చెయ్యేసి నిలబడి ఉన్నారు. నల్లకళ్ళద్దాలు తీసేశారు.

“అత్తయ్యా, ఇది... ఇది ఏదో ట్రయలండి. మీ కంటికి వెలుగు మంచిది కాదు.”

“ఇప్పుడే బాగా కనపడుతోందండి. రంగుల్లో పెడితేనే నాకు మసక.” దగ్గరకొచ్చి కుర్చీ వీపు పట్టుకున్నారు. “మళ్ళీ వెయ్యండి.”

వేశాను. కాదనలేని జబ్బని చెప్పాను కదా.

కాలీడుస్తూ వచ్చినవాడు వచ్చాడు. అత్తయ్యగారి చూపుడు వేలు తెర మీద పడింది. ఆ తెల్లటి తల మీద ఒకసారి నిమిరారు.

“నాకు కాన్పులు చేసింది మిషన్ ఆస్పత్రిలో నాతో పనిచేసిన నర్సమ్మలేనండి,” అన్నారు. “ఇద్దరికీ నడక నేర్పింది మాత్రం నేనే. మొహాలు లేకపోతే గుర్తుపట్టలేననుకున్నారా?”

ఆకారం తిరిగొచ్చిన చోట వీడియో ఆపాను.

“వెళ్ళేప్పుడు వీడి భుజం మీదుంది. వచ్చేప్పుడు వాడి చేతిలో ఉందేంటండీ?”

హాల్లోంచి స్టెల్లా గొంతు గట్టిగా వినిపించింది. “సరే అన్నయ్యా, ఆ పదకొండు నిమిషాలూ నువ్వు స్టేజీ మీదే ఉన్నానని బైబిలు మీద చెయ్యేసి చెప్పు.”

బావగారి సమాధానం వినపడలేదు. ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడరు.

“అత్తయ్యా, స్టెల్లాకి చెప్పేస్తానండి,” అన్నాను గుసగుసగా. “ఇప్పుడే ఇది పట్టుకుని స్టేషనుకెళదాం. చిన్నోడు ఎక్కడైనా ప్రాణాలతో ఉండి ఉండొచ్చు. ఎక్కడ దాచారో...”

అత్తయ్యగారు నా నోటి మీద చెయ్యి పెట్టారు. అల్లుడి నోటి మీద చెయ్యి పెట్టడం అంటే ఆవిడ ఎంత మర్యాద తెలిసిన మనిషో తెలిస్తేగానీ మీకర్థం కాదు. పదిహేడేళ్ళలో నన్ను నువ్వు అనలేదు.

“ఇదెలా తుడుస్తారండీ?”

“ఏంటత్తయ్యా?”

“ఈ బొమ్మ. ఏ బటనో చూపించండి. పాపం మీకొద్దు, నేనే నొక్కుతాను.”

“మీ చిన్నబ్బాయండీ అందులో ఉన్నది!”

“పెద్దోడూ అందులోనే ఉన్నాడు కదండీ.” “డ్రెయిన్లో బండి దొరికిందంటే నాకు తెలీదాండీ? ముప్ఫయ్యేళ్ళు ఆస్పత్రిలో చేశాను. ఒకడు పోయాడు. ఇంకోణ్ణి నా చేత్తో పట్టివ్వమంటారా?”

“పోయాడని మనకి తెలీదు కదండీ!”

ఆ మాటకి ఒక్క క్షణం ఆగారు. ఆవిడ కంట్లో ఏదో కదిలింది. మళ్ళీ ఆరిపోయింది. మౌస్ మీద ఉన్న నా చేతిని పక్కకి తీసి, కీబోర్డు మీద చూపుడు వేలు పెట్టి వెతికారు. రిటైరయ్యే ముందు ఆస్పత్రిలో కంప్యూటర్ ట్రైనింగు ఇచ్చారని ఎప్పుడో అంటే నవ్వుకున్నాను. ఫైలు ఎన్నుకున్నారు. డిలీట్ నొక్కారు.

మధ్యలో చిన్న పెట్టె ఒకటి తెరుచుకుంది. నిజంగా తీసేయమంటారా అని ఇంగ్లీషులో అడుగుతోంది. ఇరవయ్యేళ్ళుగా ఆ పెట్టె అడిగిన ప్రతిసారీ చదవకుండానే యస్ నొక్కినవాణ్ణి నేను. మొదటిసారి చదివాను.

అత్తయ్యగారి వేలు ఎంటర్ మీద ఆగి ఉంది. నేను ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. గట్టిగా పట్టుకుంటే పెద్దావిడ చెయ్యి నలుగుతుంది, వదిలేస్తే చిన్నోడి ఆనవాలే పోతుంది.

“బావగారూ,” హాల్లోంచి నెమ్మదిగా, చాలా మర్యాదగా వినిపించింది. కుర్చీ జరిగిన చప్పుడు. “అమ్మ లోపలే ఉందాండీ? ఇద్దరూ ఏం చూస్తున్నారూ?”

అడుగులు. ఈడ్పు లేని అడుగులు.

అయ్యా, అమ్మా, ఇన్ని వారాలుగా నా సంసారంలో ప్రతి గొడవా చదివి నవ్వుకున్నారు కదా, ఇవాళ కాస్త సాయం చెయ్యండి. ఆవిడ కన్నతల్లి, ఆ ఇద్దరి మీదా హక్కు ఆవిడదే అంటారా? వాడు ఏ చెరువు గట్టున, ఏ మూసిన షెడ్డులో మనకోసం చూస్తున్నాడో అంటారా? హాల్లో ఉన్న నా భార్యని కేకెయ్యమంటారా, తలుపుకి గడియ పెట్టమంటారా? మీ సలహా ఉత్తరం పత్రికాఫీసుకి చేరి, అక్కణ్ణుంచి నాకు అందేసరికి వారం పడుతుందని తెలుసు. ఎంటర్ మీద ఉన్న వేలు అంతసేపు ఆగదు. ఎవరైనా సరే, ఏదో ఒకటి, తొందరగా చెప్పండి. దణ్ణం పెడదామంటే ఆవిడ చెయ్యి వదలాలండీ.